శుద్ధప్రతి

మంగళవారం పొద్దున అచ్చాఫీసు నుంచి ప్రూఫులు వచ్చేసరికి ఓడలో బడిపంతులు హాకింగ్ ఎర్రసిరా కలం, స్కేలు బల్ల మీద పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నలభై ఎనిమిది పేజీలు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో "క్రూజర్ పెన్రిత్ - యుద్ధకాల సేవా చరిత్ర, 1939-1945" అని ఉంది. రాసినవాడి పేరు లేదు. ఉండకూడదని అతనే చెప్పాడు.

శుక్రవారం పొద్దున అచ్చు మొదలవుతుంది. సోమవారం ఓడ మీద జెండా దించేసి మనుషులను ఇళ్లకు పంపేస్తారు. ప్రతి నావికుడికీ ఒక పుస్తకం, చనిపోయినవాళ్ల ఇళ్లకు ఒక్కొక్కటి ఇవ్వాలని కెప్టెన్ ఉత్తర్వు.

ఓడలో బడి అంటే భోజనాల డెక్కు చివర ఒక తెర, దాని వెనక పొడుగాటి బల్ల. తెర అవతల ఎవరో పెట్టె సర్దుకుంటూ తిట్టుకుంటున్నారు. పైన డెవన్‌పోర్ట్ రేవు కూలీలు ఫిరంగుల బిగింపులు విప్పుతున్నారు. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా సిరాబుడ్డి వణుకుతోంది.

లస్కోంబ్ తెర తొలగించుకుని లోపలికి వచ్చాడు. ఓడ బాయిలర్ల దగ్గర పనిచేసే స్టోకర్లలో పెద్దవాడు, నలభై దాటినవాడు. తమవాళ్ల పేర్లు సరిగ్గా పడ్డాయో లేదో చూసి పెట్టమని హాకింగే పిలిచాడు.

"ఏం మాస్టారూ, మా బొగ్గుమొహాలక్కూడా చరిత్రలో చోటిచ్చారా?"

"మనది చమురుతో నడిచే ఓడ కదా. బొగ్గెక్కడిది?"

"మొహాలు మాత్రం పాతవేనండీ."

కూర్చుని పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. కాలి మానిన అతని వేళ్ల చర్మం గాజులా నున్నగా ఉంటుంది. కాగితం వాటికి చిక్కదు. అరచేతి అంచుతో నెట్టి తిప్పుతాడు. ఒక చోట పేరులో ఒక అక్షరం ఎక్కువ పడిందన్నాడు. ఇంకోచోట, చచ్చిపోయాడని రాసినవాడు నిక్షేపంగా బ్రిస్టల్‌లో సారా కొట్టు నడుపుతున్నాడన్నాడు. హాకింగ్ నవ్వి దిద్దాడు. ముప్ఫై ఒకటో పేజీ దగ్గర లస్కోంబ్ చెయ్యి ఆగిపోయింది. ఒకసారి చదివాడు. మళ్లీ పెదాలు కదుపుతూ చదివాడు.

"ఇది మీరు రాసిందేనా?"

సిసిలీ తీరంలో, నలభై మూడు జులైలో జరిగిన దాడి అది. "ఉదయం 11.14కు వెనుక మందుగుండు గది పేలకుండా దాన్ని నీటితో నింపమని ఆజ్ఞ వెళ్లింది. 11.20 వరకు కవాటం తెరుచుకోలేదు. ఆ ఆలస్యంలో మంట వ్యాపించి పదకొండుమంది మరణించారు."

"విచారణ సంఘం తేల్చిందే రాశాను," అన్నాడు హాకింగ్. "యెలండ్ పేరు పెట్టలేదు చూడు."

"పేరెందుకండీ? ఆ కవాటం దగ్గర ఇంకెవరున్నారు గనక?" లస్కోంబ్ గొంతు పెరగలేదు. "విచారణ జరుగుతున్నప్పుడు నేను అలెగ్జాండ్రియా ఆస్పత్రిలో చేతులకి గుడ్డలు చుట్టుకుని పడున్నాను. ఐదు నెలలు. తిరిగొచ్చాక నన్ను చూస్తే మెస్సులో మాటలు ఆపేసేవాళ్లు. నా చేతులు చూసి జాలేమో అనుకున్నా. ఇదన్నమాట సంగతి."

"లస్కోంబ్..."

"నేను వాడికి నాలుగడుగుల దూరంలో ఉన్నానండీ, నీళ్ల గొట్టం చివర పట్టుకుని. వాడు రెండు చేతులూ చక్రం మీదే వేసి నిలబడ్డాడు. టెలిఫోన్ కుర్రాడిని మూడుసార్లు అడిగాడు, 'ఇంకా రాలేదా?' అని. మూడుసార్లూ ఆ కుర్రాడు తల అడ్డంగా ఊపాడు, రాలేదని. నాలుగోసారి ఆ కుర్రాడే అరిచాడు, 'నింపమన్నారు!' అని. ఆ అరుపు పూర్తికాకముందే చక్రం తిరిగింది. నలభై చుట్లు. తిప్పేసి, నిబంధన ప్రకారం సుద్దముక్క తీసుకుని పలక మీద టైము వేశాడు. పదకొండూ ఇరవై. ఇంకో రెండు నిమిషాలకి మేమున్న చోటంతా ఎగిరిపోయింది."

ఆ పలకే విచారణ సంఘం ముందుకు వచ్చింది. యెలండ్ చేతిరాత అని గుర్తుపట్టి సంతకం పెట్టిందీ హాకింగే. రెండు శీతాకాలాలు యెలండ్ ఇదే బల్ల దగ్గర కూర్చుని ఆ చేతితో భిన్నాలు చేశాడు. ముప్ఫై నాలుగేళ్ల మనిషి, పై పరీక్ష కోసం.

"గురువారం కెప్టెన్‌గారి బల్ల దగ్గరికి విన్నపం పెడుతున్నా," అన్నాడు లస్కోంబ్ లేస్తూ. "ఆజ్ఞ పదకొండూ ఇరవైకి గాని రాలేదు, పుస్తకం దిద్దమని."

"ఇంకో ఆరు రోజుల్లో ఇంటికి పోతావు. పదహారేళ్ల సర్వీసుకి మచ్చ లేదు. ఆజ్ఞ ఆలస్యమైందంటే ఎవరి మీద ఆరోపణ అవుతుందో ఆలోచించావా?"

"నేను ఎవరి మీదా చెప్పలేదే మాస్టారూ. వాడు ఆలస్యం చెయ్యలేదని మాత్రమే చెప్పాను."

తెర వెనకగా అతని బూట్ల చప్పుడు వెళ్లిపోయింది. హాకింగ్ తరువాతి పేజీ దిద్దడం మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు చదివాక ఏం చదివాడో తెలియలేదు.

దాడి జరిగేటప్పుడు ఓడను నడిపే పై డెక్కు, బ్రిడ్జి మీద కెప్టెన్ వెనక నిలబడి, వచ్చే ప్రతి ఆజ్ఞనూ సమయంతో సహా రాయడం మాస్టారి పని. ఫిరంగి దగ్గర పనికిరాని మనిషిని అలా వాడుకుంటారు. ఆ పెన్సిలు పుస్తకాలన్నీ అతని పెట్టెలో సంవత్సరాలవారీగా కట్టలు కట్టి ఉన్నాయి. నలభై మూడు జులై కట్ట విప్పడానికి అతనికి సాయంత్రం వరకూ పట్టింది.

"11.14. బాంబు. వెనుక." అక్షరాలు నిటారుగా ఉన్నాయి. దాని కింద వాలిపోయిన రాతతో "మందు గదికి నీళ్లు." దాని ముందు సమయం లేదు. ఆ కిందది "11.22. పేలుడు. వెనుక."

మధ్య వాక్యానికి ముందు అంగుళం మేర తెల్లగా ఉంది.

అతను ఆ తెల్లచోటు మీద వేలు పెట్టి కూర్చున్నాడు. బాంబు పడ్డప్పుడు బ్రిడ్జి మీద అందరితోపాటు తనూ బోర్లా పడ్డాడు. పుస్తకం మోకాలి కింద ఇరుక్కుంది. లేచేసరికి కెప్టెన్ టెలిఫోన్ చెవికి ఆనించుకుని ఉన్నాడు. మాట్లాడుతూనే ఉన్నాడు. "ఎంతమంది? ఇంకా ఎంతమంది లోపల?" కాసేపటికి, "నాలుగోవాడు?" తాను అది రాయలేదు. అవి ఆజ్ఞలు కావు. ఆజ్ఞలు మాత్రమే రాయాలి. ఎంతసేపు ఆగారన్నది రాసే గడి ఆ పుస్తకంలో లేదు.

దాడి జరిగిన రోజు రాత్రి ఎనిమిదికల్లా శుద్ధప్రతి కావాలని కెప్టెన్ అడిగాడు. చిత్తులో ఖాళీ ఉండొచ్చు గాని శుద్ధప్రతిలో ఉండకూడదని ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు చెప్పిన మనిషి తను. బాంబు పడింది, కెప్టెన్ ఆజ్ఞ ఇచ్చాడు. ఒకదాని పక్కన ఒకటి ఉంటేనే వాక్యం నిలబడుతుంది. ఖాళీలో 11.14 అని వేశాడు. వేసేటప్పుడు చెయ్యి తడబడలేదు. ఆ సంగతి ఇప్పుడు బాగా గుర్తుంది.

ఆ ఆరు నిమిషాలనూ కెప్టెన్ దగ్గర్నుంచి తీసి యెలండ్ మీద పెట్టింది విచారణ సంఘం కాదు.

బుధవారం మధ్యాహ్నం అతను రేవు గేటు పక్కన క్యాంటీన్‌కు వెళ్లాడు. రెండు టీ పాత్రలు, రెండు వరసలు. ఎడమవైపు వరస తలుపు దాకా ఉంది. కుడివైపు పాత్ర దగ్గర యెలండ్ భార్య ఏడా గరిటె పట్టుకుని నిలబడింది. ఆమె ముందు ముగ్గురు కొత్త కూలీలు, ఈ ఊరివాళ్లు కాదు, స్కాట్లండ్ యాసలో మాట్లాడుకుంటున్నారు.

పొడుగు వరసలో ఒకామె గడియారం చూసుకుంటూ విసుక్కుంటోంది. వెనక ఉన్న ముసలి కూలీ ఆమె భుజం తట్టాడు. "డామెరెల్లమ్మా, ఆ పక్క ఖాళీగా ఉంది కదా. అక్కడ టీలో విషం కలుపుతారా ఏం?"

"నువ్వు పోయి తాగు మావా. మా ఆయన ఆ నీళ్ల కోసం ఆరు నిమిషాలు ఎదురుచూశాడు. నేను పావుగంట చూడలేనా?"

మాట గట్టిగానే వచ్చింది. ఎవరూ తల తిప్పలేదు. ఏడా గరిటె పాత్రలో ముంచి, తీసి, మళ్లీ ముంచింది. కింద కప్పు పెట్టలేదు.

హాకింగ్ వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు.

"మాస్టారుగారా! దారి తప్పారా ఏంటి?" ఆమె టీ పోసింది. "చక్కెర ఒక చెంచాయే. ఎక్కువ అడిగితే యుద్ధం ఇంకా అయిపోలేదంటారు పైవాళ్లు."

"చాలమ్మా."

"మా ఆయనకి భిన్నాలు నేర్పింది మీరేగా. సెలవుకొచ్చినప్పుడు ప్రాణం తీసేవాడనుకోండి. రొట్టె కోస్తుంటే 'ఇది మూడు ఎనిమిదోవంతులు' అనేవాడు. 'నోర్మూసుకుని తినవయ్యా, మొత్తం ఒకటే' అనేదాన్ని." నవ్వబోయి ఆపేసింది. "ఏం పని మీద వచ్చారు?"

"ఓడ చరిత్ర అచ్చవుతోంది. అందులో ఒక తప్పు పడింది. యెలండ్ గురించి."

ఆమె బల్ల తుడవడం ఆపింది. "ఎవరేశారు?"

హాకింగ్ కప్పు పిడి పట్టుకున్నాడు. "నివేదికల్లో... అలా వచ్చింది."

"తప్పుంటే దిద్దండి మరి. దిద్దడమేగా మీ పని?" గుడ్డ పిండి పక్కన పెట్టింది. "చూడండి సార్. మీ ఆయన రూబెన్ మంచోడమ్మా అని చెవిలో చెప్పి పోయినవాళ్లు ఇప్పటికి ఇరవైమంది ఉంటారు. సందు చివర చెబుతారు. చీకట్లో చెబుతారు. ఒక్కడు కూడా ఈ వరసలో నిలబడి చెప్పలేదు. నాకు చెవిలో మాటలు వద్దు. కాగితం మీద వచ్చినప్పుడు రండి. టీ తాగండి, చల్లారుతోంది."

అతను తాగాడు. చక్కెర అడుగున కరగకుండా ఉండిపోయింది.

ఆ సాయంత్రమే కెప్టెన్ గదికి వెళ్లాడు. కెప్టెన్ ఫెనిక్ తన పుస్తకాలు చెక్కపెట్టెలో తనే సర్దుకుంటున్నాడు. సన్నగా, వంగని మనిషి. చిత్తు పుస్తకం అందుకుని ఆ పేజీ చూశాడు. దీపం దగ్గరికి జరిపి మళ్లీ చూశాడు.

"ఇందులో సమయం లేదు."

"లేదు సార్."

"శుద్ధప్రతిలో ఉంది."

"అందులో పొరపాటు జరిగి ఉండవచ్చనిపిస్తోంది సార్."

"జరిగి ఉండవచ్చు," అన్నాడు కెప్టెన్ ఆ మాటను బరువు చూస్తున్నట్టు. "విచారణ సంఘం ముందు ఆ కాగితం చదివి వినిపించారు. మీరు అక్కడే ఉన్నారు. నేనూ ఉన్నాను. అప్పుడు ఏమీ అనిపించలేదు మీకు. ఇప్పుడు ఒక స్టోకర్ వచ్చి ఏదో అంటే, రెండేళ్ల తర్వాత అనిపిస్తోంది. మిస్టర్ హాకింగ్, లేని అంకె చూపించి ఉన్న అంకెను కొట్టెయ్యమంటారా?"

హాకింగ్ గొంతులో మాట తయారుగానే ఉంది. నేను ఊహించి వేశాను. నాలుగు మాటలు కూడా లేవు.

"పదకొండు కుటుంబాలకి ఈ పుస్తకం వెళుతుంది," అన్నాడు కెప్టెన్. "ఆజ్ఞ ఆరు నిమిషాలు నా నోట్లోనే ఉండిపోయిందని రాస్తే, వాళ్లు చదివేది ఏమిటో మీకు తెలుసా?"

"ఇప్పుడు యెలండ్ చేతుల్లో ఉండిపోయిందని చదువుతున్నారు సార్."

కెప్టెన్ పుస్తకం మూసి తిరిగి ఇచ్చాడు. "స్టోకర్ విన్నపం రేపు బల్ల దగ్గర వింటాను. ఆధారం లేకుండా పై అధికారి మీద అభాండం వేస్తే ఏమవుతుందో అతనికి తెలుసనుకుంటాను. మీరు వెళ్లవచ్చు."

బయటికి వచ్చాక అతని కాళ్లు బడి వైపు కాక స్టోకర్ల మెస్సు వైపు నడిచాయి. లస్కోంబ్ మోచేతుల మధ్య బూటు ఇరికించుకుని గుడ్డతో రుద్దుతున్నాడు.

"విన్నపం వెనక్కి తీసుకో," అన్నాడు హాకింగ్ మెల్లగా. "నేను చూసుకుంటాను."

"కెప్టెన్‌గారి దగ్గర్నుంచే వస్తున్నారుగా? చూసుకున్నారా?"

హాకింగ్ చిత్తు పుస్తకం చంకలోకి జరుపుకున్నాడు.

"అదే మరి," అంటూ లస్కోంబ్ బూటు తిప్పి మడమ వైపు రుద్దసాగాడు.

గురువారం పదిగంటలకు వెనక డెక్కు మీద గుడారం గుడ్డ కింద బల్ల వేశారు. సన్నగా వాన. విన్నపాలు పెట్టుకున్నవాళ్లు ఒక వరస, ఎదురుగా అధికారులు ఒక వరస. మధ్యలో ఓడ పోలీసు చీఫ్ కాగితాలు పట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. హాకింగ్ అధికారుల వరసలో చివర ఉన్నాడు.

మొదటివాడు గడ్డం పెంచుకోవడానికి అనుమతి అడిగాడు.

"సోమవారం ఇంటికి పోతున్నావుగా," అన్నాడు కెప్టెన్. "ఆ తర్వాత నీ గడ్డం నీ ఇష్టం."

"ఇప్పుడు మొదలెడితే సార్, రైలు దిగేసరికి కాస్త కనబడుద్దని. మా అత్తగారు నన్ను గుర్తుపట్టకూడదండీ."

వరసలో నవ్వు పాకింది. చీఫ్ కళ్లెత్తగానే ఆగిపోయింది. "అనుమతించాను," అన్నాడు కెప్టెన్.

"స్టోకర్ లస్కోంబ్!"

లస్కోంబ్ మూడడుగులు ముందుకు వేసి సెల్యూట్ చేశాడు. వంగని వేళ్లు టోపీ అంచు దగ్గర పంజాలా నిలిచాయి. చీఫ్ విన్నపం చదివాడు. ఆజ్ఞ 11.20కి వచ్చిందనీ, ఏబుల్ సీమన్ హోదాలో ఉన్న యెలండ్ వల్ల ఆలస్యం జరగలేదనీ, పుస్తకం దిద్దించమనీ. చదువుతున్నంతసేపూ డెక్కు మీద వాన చప్పుడు మాత్రమే ఉంది.

"ఆధారం?" అన్నాడు కెప్టెన్.

"నా చెవులు సార్."

"చెవులు. నీ దగ్గర గడియారం ఉందా అప్పుడు?"

"లేదు సార్. చేతుల్లో నీళ్ల గొట్టం ఉంది."

"నీతో ఉన్నవాళ్లలో సాక్షులు?"

"అంతా పోయారు సార్."

కెప్టెన్ బల్ల మీద ఉన్న కలం తీసి పక్కకు జరిపాడు. "నువ్వు చెబుతున్నది ఎంత పెద్ద మాటో తెలుసా లస్కోంబ్?"

"తెలుసు సార్."

హాకింగ్ వరస లోంచి బయటికి వచ్చాడు. ఎవరూ పిలవకుండా అలా రాకూడదు. చీఫ్ చెయ్యి అడ్డం పెట్టబోయి, అధికారి అని గుర్తొచ్చి దించేశాడు.

"సార్. 11.14 అన్న అంకె నాది." తరగతిలో చెప్పేటప్పటి గొంతే వచ్చింది. "ఆజ్ఞ వచ్చినప్పుడు నేను గడియారం చూడలేదు. సాయంత్రం శుద్ధప్రతి రాస్తూ ఊహించి వేశాను. విచారణ సంఘం ముందు అది తెలిసీ నోరు మూసుకున్నాను. యెలండ్ పలక మీద వేసిన సమయమొక్కటే ఆ రోజు ఎవరైనా చూసి రాసిన సమయం."

వరసలో ఎవరో ఊపిరి గట్టిగా వదిలారు. కెప్టెన్ ముఖంలో ఏ మార్పూ లేదు.

"ప్రభుత్వ రికార్డులో తప్పుడు రాతకి శిక్ష ఉంటుంది మిస్టర్ హాకింగ్."

"తెలుసు సార్."

కెప్టెన్ లస్కోంబ్ వైపు తిరిగాడు. కలం తీసి విన్నపం మీద ఏదో రాసి చీఫ్‌కు ఇచ్చాడు.

"విన్నపం నిరాకరించడమైంది," అని చదివాడు చీఫ్. "సెల్యూట్! వెనక్కి తిరుగు! నడు!"

లస్కోంబ్ మొహం తెల్లబోయింది. తిరిగి నడిచి వెళ్లిపోయాడు. తరువాతి విన్నపం పెన్షను కాగితాల గురించి. అది అయ్యేవరకూ హాకింగ్ డెక్కు మధ్యలోనే నిలబడి ఉన్నాడు. వెనక్కి పొమ్మని ఎవరూ అనలేదు. వాన నీళ్లు మెడ వెనకనుంచి లోపలికి దిగాయి.

పన్నెండింటికి కెప్టెన్ పిలిపించాడు. బల్ల మీద ప్రూఫుల్లోని ముప్ఫై ఒకటో పేజీ ఉంది. నీలంసిరాతో మూడు వాక్యాలు కొట్టేసి, పక్కన కొత్తవి రాసి, కింద సంతకం చేసి ఉంది.

"అడిగితే ఇచ్చే పని కాదిది," అన్నాడు ఫెనిక్. "అందుకే అక్కడ కాదన్నాను. గడ్డం పెంచుకోనిచ్చినట్టు, నా తప్పు ఒప్పుకోవడాన్ని ఒక స్టోకర్‌కి అనుమతిగా ఇవ్వలేను. చదవండి."

హాకింగ్ చదివాడు.

"లోపల నలుగురున్నారని చెప్పారు," అన్నాడు కెప్టెన్ కిటికీ వైపు చూస్తూ. "పైకి వస్తున్నారు, ఒక్క నిమిషం, అన్నారు. అలా ఒక్కొక్క నిమిషం. నాలుగోవాడు వచ్చాడు. అప్పుడు చెప్పాను. ఎంతసేపైందో ఆ క్షణంలో నాకు తెలియదు. రాత్రి మీ శుద్ధప్రతి తెచ్చారు. చూశాను. 11.14. ఓహో, వెంటనే చెప్పానన్నమాట అనుకున్నాను. అక్కడ రాసుంది కదా. రెండేళ్లు అది పట్టుకునే నిద్రపోయాను." కిటికీ నుంచి ఇటు తిరిగాడు. "నిన్న మీరు 'జరిగి ఉండవచ్చు' అన్నారు. అది సరిపోలేదు నాకు."

"నిన్నే చెప్పాల్సింది సార్."

"ఎందుకు వేశారు ఆ అంకె?"

హాకింగ్ కొట్టేసిన వాక్యాల వైపు చూశాడు. "మీరు వెంటనే చెప్పి ఉంటారని నమ్మడం తేలికగా ఉండింది సార్."

కెప్టెన్ తల ఊపాడు. "మీ మీద పైకి రాయాల్సి వస్తుంది. నా మీద కూడా. విచారణ కాగితాలు తిరగతోడతారు. ఆ పేజీలో మీ వాక్యం కోసం చోటు వదిలాను. మీరే రాసుకోండి."

హాకింగ్ నిలబడే రాశాడు. మొదట రాసిన వాక్యంలో మాటలు ఎక్కువున్నాయి. కొట్టేసి, చిన్నది రాశాడు.

అచ్చాఫీసుకు దారి క్యాంటీన్ ముందునుంచే. ఒంటిగంట కావస్తోంది. రెండు వరసలూ నిన్నటిలాగే ఉన్నాయి. అతను ఏడా ముందుకు వెళ్లి, తడి అంటకుండా కోటు లోపల పెట్టుకున్న పేజీ తీసి బల్ల మీద పరిచాడు. ఆమె చేతులు తుడుచుకుని, కాగితాన్ని ముట్టుకోకుండా వంగి చదివింది. కెప్టెన్ సంతకం దగ్గర ఆగింది. ఆ కింద ఎర్రసిరాలో ఉన్న వాక్యం చదివింది. మళ్లీ చదివింది.

"ఈ చరిత్ర రాసినవాడంటే ఎవరు?"

"నేనేనమ్మా."

"నిన్న ఇక్కడే నిలబడ్డారు. అడిగాను."

"అడిగారు."

"చెప్పలేదు."

"చెప్పలేదు."

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. క్షమించే చూపు కాదు. కప్పు అందుకోలేదు, టీ పోయలేదు. కాగితం రెండంచులూ పట్టుకుని అతని చేతుల్లో పెట్టింది.

"చదవండి. ఇక్కడే. గట్టిగా."

"అచ్చయ్యాక అందరి ఇళ్లకూ వస్తుంది."

"ఆరు నిమిషాలు అని ఊరంతా నోటితోనే చెప్పుకున్నారు. అచ్చు కోసం ఎవరూ ఆగలేదు." గరిటె తీసి పాత్ర అంచు మీద గట్టిగా కొట్టింది. మాటలు ఆగిపోయాయి. పొడుగు వరసలో డామెరెల్ వెనక్కి తిరిగి చూసింది.

హాకింగ్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"బాంబు 11.14కు పడింది," అని మొదలుపెట్టాడు. "మందుగుండు గదిలో ఉన్న నలుగురు బయటికి వచ్చేవరకు కెప్టెన్ ఆగాడు. 11.20కి ఆజ్ఞ ఇచ్చాడు. ఏబుల్ సీమన్ రూబెన్ యెలండ్ ఆ నిమిషంలోనే కవాటం తెరిచి, ఓడను కాపాడి, అక్కడే మరణించాడు. అతనితో కలిపి మరణించినవాళ్లు పదకొండుమంది." ఎవరిదో కప్పు సాసరుకు తగిలింది. చివరి వాక్యం తల వంచుకుని, కాగితానికి చెబుతున్నట్టు చదివాడు.

"వినబళ్లేదు," అంది డామెరెల్ వరస లోంచి. "ఆ ఆఖరిది వినబళ్లేదు."

అతను తలెత్తాడు. బడిలో వెనకబల్ల దాకా వినబడాల్సినంత గొంతు పెట్టి, ఒక్కొక్క మాటే మళ్లీ చదివాడు.

"ఆజ్ఞ 11.14కు వెళ్లిందని ఇంతకుముందు రాసింది ఈ చరిత్ర రాసినవాడు. అతను గడియారం చూడలేదు."